మోర్స్ కీ నుంచి రిమోట్ కారు పుల్ల దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి పంపమని కార్యదర్శి గారు రెండుసార్లు కబురు పెట్టారు. డి.ఎ. బకాయిల గురించి, పే కమిషన్ల గురించి రాయడానికి నాకంటే సమర్థులు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను 1969లో తంతి శాఖలో చేరి, మోర్స్ కీ మీద చెయ్యి తిప్పుకుని, తర్వాత టెలిప్రింటర్ల దగ్గర కూర్చుని, 2000 అక్టోబరు 1న శాఖ కాస్తా సంస్థగా మారడం చూసి, 2008లో విజయనగరంలో పదవీ విరమణ చేసినవాణ్ణి. దూరాన ఉన్న యంత్రాన్ని చేతివేళ్ళతో పలికించడం ఒక్కటే నాకు వచ్చిన విద్య. అందుచేత పిల్లలు కార్లు నడిపే రిమోట్ పెట్టె గురించి, ముఖ్యంగా పుల్లలుండే స్టిక్ ట్రాన్స్‌మిటర్ గురించి రాస్తున్నాను. పిల్లలాట కదా అని మిత్రులు పేజీ తిప్పెయ్యవద్దని మనవి. ఇందులో మన శాఖ వాళ్ళకు రావలసిన వాటా కొంత ఉంది.

మోర్స్ కీ చూసిన వాళ్ళకు అది ఒక ఇత్తడి మీట, ఒక స్ప్రింగు, పైన ఒక గుండీ. అంతే. కాని డ్యూటీ మారి కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ మొదట చేసే పని రిజిస్టరు తెరవడం కాదు, కీ మరలు సవరించుకోవడం. ఒకరికి మీట కింద సందు సన్నంగా ఉండాలి, ఒకరికి కాస్త ఎక్కువ ఉండాలి. ఒకరి స్ప్రింగు బిగుతు, మరొకరిది వదులు. ముందు డ్యూటీ వాడి సర్దుబాటు మీద రెండు టెలిగ్రాములు కొడితే మణికట్టు పీకేది. దీన్ని ఎవరూ చాదస్తం అనలేదు. అనకపోవడానికి కారణం ఉంది. రోజంతా పైకీ కిందికీ కొట్టే చేతికి వచ్చే పట్టును బ్రిటనులో 1908లోనే వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చి, దానికి నష్టపరిహారం ఇవ్వాలన్నారు. అమెరికాలో హోరేస్ మార్టిన్ అనే టెలిగ్రాఫరు ఆ బాధ తప్పించే ఉపాయం పన్నాడు. మీటను కిందికి నొక్కే బదులు బొటనవేలితో, చూపుడువేలితో పక్కకు జరిపితే చాలు, చుక్కలు వాటంతటవే పడే కీ అది. వైబ్రోప్లెక్స్ అన్న పేరుతో ఆ కీ 1905 ప్రాంతంలో బజారుకొచ్చింది. చేతికి నొప్పి వస్తే చేతిని తిట్టకుండా మీటను మార్చారన్నమాట. నా వ్యాసానికి మూలం ఈ సంగతే.

తీగ లేకుండా దూరాన ఉన్న వస్తువును కదిలించడంలో మొదటి పేజీ మన దేశానిదే. 1895లో కలకత్తా టౌన్‌హాలులో జగదీశ్ చంద్ర బోసు గారు గోడ అవతలికి తరంగాలు పంపి గంట మోగించారు, తుపాకీ మందు పేల్చారు. 1898లో న్యూయార్కులో నికోలా టెస్లా ఒక తొట్టెలో చిన్న ఇనుప పడవను తీగ లేకుండా తిప్పి చూపి, అదే ఏడు నవంబరులో పేటెంటు పుచ్చుకున్నాడు. 1906లో స్పెయిన్‌లో టోరెస్ కెవెదో అనే ఇంజనీరు బిల్బావో రేవులో, రాజు గారి ఎదుట, ఒడ్డున నిలబడి పడవను నడిపించాడు.

ఆ తర్వాత ఇది విమానం బొమ్మల వాళ్ళ చేతిలో పడింది. మొదట్లో ఉన్నది ఒకే బొత్తాం. ఒకసారి నొక్కితే కుడికి, రెండుసార్లు నొక్కితే ఎడమకు. విమానంలో చుక్కాని తిప్పే శక్తి మెలిపెట్టిన రబ్బరు బ్యాండుది. ఎన్నిసార్లు నొక్కామో లెక్క తప్పితే విమానం చెట్టెక్కేది. అంటే వాళ్ళూ ఒక రకం మోర్స్ కొట్టేవాళ్ళే! తర్వాత సన్నని లోహపు రేకులు ఒక్కొక్కటి ఒక్కొక్క స్వరానికి కంపించే పద్ధతి వచ్చింది. అందులోనూ చక్రం తిరిగితే పూర్తిగా తిరిగేది, లేకపోతే లేదు. మధ్యస్తం అనేది లేదు.

ఆ మధ్యస్తాన్ని తెచ్చింది 1960లలో వచ్చిన ప్రపోర్షనల్ పద్ధతి. పుల్లను వేలెడు జరిపితే చక్రం వేలెడే తిరుగుతుంది. దీని కిటుకు తంతి మనిషికి ఇట్టే అర్థమవుతుంది. పెట్టె నుంచి సెకనుకు సుమారు 50 సార్లు ఒక మీట వస్తుంది. ఆ మీట నిడివి సెకనులో వెయ్యో వంతుకు ఒకటిన్నర రెట్లుంటే చక్రం తిన్నగా ఉంటుంది. ఒక వంతుకు తగ్గితే ఒక కొసకు, రెండు వంతులకు పెరిగితే రెండో కొసకు తిరుగుతుంది. పొట్టి మీట, పొడుగు మీట. మన చుక్కా గీతా కాక ఇదేమిటి? కాకపోతే మనకు ఉన్నవి రెండే నిడివులు, ఇక్కడ వాటి మధ్య నిడివులన్నీ పనికొస్తాయి.

కార్లు ఆలస్యంగా వచ్చాయి. 1966లో ఇటలీలో ఫెరారీ బొమ్మతో మొదలై, 1976లో జపాను కంపెనీ టమియా పన్నెండో వంతు కొలతతో పోర్షె కారు బజారుకు తెచ్చాక ఊరూరా పాకాయి. 1979లో అదే కంపెనీ ఇసుకలో పరుగెత్తే బగ్గీలు తెచ్చింది. ఆ కాలం కారు రిమోట్లు ఎక్కువగా రెండు పుల్లలవి. ఎడమ పుల్ల ముందుకూ వెనక్కూ, కుడి పుల్ల అటూ ఇటూ. తర్వాత పిస్తోలు ఆకారం వచ్చింది. ఒక చేత్తో పిడి పట్టుకుని చూపుడువేలితో ట్రిగ్గరు లాగాలి, రెండో చేత్తో చిన్న చక్రం తిప్పాలి. చక్రం కారును పోలి ఉంటుంది గనక కొత్తవాళ్ళకు వెంటనే పట్టుబడుతుంది. దుకాణాల్లో అదే నిలిచింది. బ్రిటనులో పందేలు తోలేవాళ్ళు చాలామంది పుల్లల్ని మాత్రం వదల్లేదు.

మన దేశంలో వీటి సంగతి వేరు. తీగలేని పరికరం దగ్గర ఉంచుకోవడానికి 1933 చట్టం ప్రకారం లైసెన్సు కావలసి ఉండేది. రేడియోకు పోస్టాఫీసులో పుస్తకం పట్టుకుని వరుసలో నిలబడ్డ రోజులు మన సభ్యులెవరూ మరిచిపోలేదు. ఇక సిగ్నలు పంపే పెట్టె అంటే చెప్పాలా? 2005లో 27 మెగాహెర్ట్జ్ బ్యాండుకూ, 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండుకూ తక్కువ శక్తి పరికరాల వరకు లైసెన్సు మినహాయించారు. 27లో నడిపే రోజుల్లో ఒక్కొక్క స్ఫటికానికి ఒక్కొక్క రంగు. ఎరుపు అంటే 27.045, పసుపు అంటే 27.145. ఒకే రంగు వాళ్ళు ఇద్దరు ఒకేసారి స్విచ్చి వేస్తే ఒకరి కారు రెండోవాడి మాట వినేది. 2.4 వచ్చాక ఆ తగాదా తీరింది.

పుల్లల పెట్టెకు మన రాష్ట్రంలో ఇవాళ గిరాకీ తెచ్చింది కారు కాదు, డ్రోను. 2024 సెప్టెంబరు వరదల్లో విజయవాడలో మునిగిన ఇళ్ళకు ఆహారం పొట్లాలు అందించిన డ్రోన్లను మీరు టీవీలో చూసే ఉంటారు. పొలాల్లో మందు కొట్టే డ్రోన్ల వాళ్ళ చేతుల్లో ఉండేదీ రెండు పుల్లల పెట్టే. అందుచేత ఒకప్పుడు విదేశం నుంచి చుట్టాలు తేవలసిన సరుకు ఇప్పుడు తపాలాలో ఇంటికే వస్తోంది.

ఇక నాకు దీంతో పని ఎలా పడిందో చెప్పాలి. మా అమ్మాయి కుటుంబం శ్రీకాకుళంలో ఉంటుంది. మనవరాలికి పదకొండేళ్ళు. పుట్టుకలోనే ఎడమ భుజం నరం దెబ్బతిని ఆ చెయ్యి మోచేతి పైకి లేవదు, వేళ్ళలో పట్టు లేదు. కుడిచెయ్యి చురుకు. కిందటేడు వేసవిలో పిల్లలందరూ మా ఇంటికి చేరినప్పుడు పిస్తోలు రిమోట్ ఉన్న కారొకటి వచ్చింది. మిగిలినవాళ్ళు వంతులు వేసుకున్నారు. దీని వంతు వచ్చేసరికి పిడి పట్టేందుకే చెయ్యి లేదు. పెద్ద మనవడు పిడి పట్టుకుంటానని, నువ్వు చక్రం తిప్పమని అన్నాడు. మంచివాడే. కాని అది ఒప్పుకోలేదు. “తాతా, రెండో చెయ్యి అక్కర్లేని రిమోట్ లేదా?” అని నన్ను అడిగింది. ఆ పిల్ల ఎన్నడూ సానుభూతి కోరదు. అది సామాను గురించిన ప్రశ్న. సామాను గురించే జవాబు వెతికాను.

జవాబు డ్రోను పెట్టెలోనే ఉంది. సాధారణంగా దొరికే ఆరు ఛానళ్ళ పెట్టెలో (నేను కొన్నది ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6, ఇంజనీరింగు పిల్లలు ఎక్కువగా వాడేది) కుడి పుల్ల నాలుగు దిక్కులకూ కదులుతుంది, వదిలితే నాలుగు దిక్కుల నుంచీ మధ్యకు వచ్చేస్తుంది. ఎడమ పుల్ల నిలువుగా వదిలిన చోటే ఆగుతుంది. అది విమానం ఇంజనుకు. కారుకు అది పనికిరాదు, వేలు తీస్తే బండి ఆగాలి కదా. కొందరు పెట్టె వెనక మూత విప్పి, అక్కడి పళ్ళ రేకు తీసేసి, చిన్న చేతిమీటా స్ప్రింగూ అమర్చి ఆ పుల్ల కూడా మధ్యకు వచ్చేలా చేస్తారు. రెండు చేతులున్న వాళ్ళకు అది మంచి పద్ధతే. కాని ఈ పెట్టె ఎడమ పుల్ల అట్టడుగున లేకపోతే స్విచ్చి వేయగానే హెచ్చరిక ఇచ్చి మొరాయిస్తుంది. స్ప్రింగు వేసినవాళ్ళు ప్రతిసారీ పుల్లను కిందికి నొక్కిపట్టి పెట్టె వెలిగించి, వదిలి, ఆ తర్వాతే కారు స్విచ్చి వేయాలి.

మాకు ఆ శస్త్రచికిత్స అక్కర్లేదు. చక్రాలు తిప్పే సర్వో వైరు రిసీవరులో ఒకటో ఛానలుకు, మోటారు వేగం చూసే ఈఎస్‌సీ వైరు రెండో ఛానలుకు తగిలిస్తే చాలు. రెండు పనులూ కుడి పుల్ల మీదికి వస్తాయి. ఎడమ పుల్లను కిందికి దించి మరిచిపోవచ్చు. అయితే కారు ఎంచేటప్పుడు ఒకటి చూడాలి. బొమ్మల దుకాణం కార్లలో రిసీవరూ, మోటారు సర్క్యూటూ ఒకే పలక మీద ఉంటాయి, సర్వోకు ఐదు వైర్లుంటాయి. వాటికి ఈ పెట్టె అతకదు. సర్వోకు మూడు వైర్లు, రిసీవరు విడిగా ఉన్న కారే కొనాలి. మాకు వచ్చిన కారు ఐదు వైర్లది. అందుకని సర్వో, ఈఎస్‌సీ కొత్తవి తెప్పించి వేశాను. కారు ధరంత అయింది.

పని అక్కడితో కాలేదు. ఒకే పుల్లను ముందుకు తోస్తే వేలు తెలియకుండా కాస్త పక్కకు పోతుంది, కారు వంకర పోతుంది. దీనికి పెట్టెలోనే మందుంది. ఎక్స్‌పో అనే సెట్టింగుతో మధ్య దగ్గర చక్రాల కదలిక తగ్గించి, కొసల దగ్గర పూర్తిగా ఉంచవచ్చు. దాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ పిల్లను అడుగుతూ పోయాను. తర్వాత నిలువు స్ప్రింగు కాస్త బిగించాను. వేగం పెంచడానికి కొంచెం బలం కావాలి, తిప్పడానికి అక్కర్లేదు. అప్పుడు రెండు దిక్కుల తేడా వేలికే తెలుస్తుంది. పుల్ల కొస సన్నంగా ఉండి బొటనవేలు జారుతోందంటే, బొబ్బిలి వైపు వీణల పని తెలిసిన వడ్రంగి చేత పనస చెక్కతో మోర్స్ కీ గుండీ అంత బిళ్ళ చేయించి బిగించాను. ఇప్పుడు మూడు వేళ్ళతో పట్టుకుంటుంది.

పెట్టెను పట్టుకోవడానికి చెయ్యి లేదు గనక ప్లైవుడ్ పలక ఒకటి నడుముకు ఆనేలా చేసి, దాన్ని మెడ పట్టీకి వేలాడదీశాను. జర్మనీ వాళ్ళు పెద్ద పెట్టెలను ఇలాగే పళ్ళెంలా మెడకు తగిలించుకుని వాడేవారు. శక్తి పెంచే పనీ, యాంటెన్నా మార్చే పనీ మాత్రం నేను చెయ్యలేదు, ఎవరినీ చెయ్యనివ్వను. మినహాయింపు తక్కువ శక్తికే. తంతి శాఖ పెన్షను తింటూ ఆ చట్టం నేనే మీరడం బాగుండదు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. సిగ్నలు పోతే మోటారు ఆగేలా ఫెయిల్‌సేఫ్ పెట్టుకోవాలి. కారును ఇటుక మీద ఎత్తిపెట్టి, చక్రాలు తిరుగుతుండగా పెట్టె స్విచ్చి ఆపి చూడాలి. చక్రాలు ఆగితేనే నేలకు దించాలి. వెలిగించేటప్పుడు ముందు పెట్టె, ఆర్పేటప్పుడు ముందు కారు.

దసరా సెలవుల్లో అయోధ్య మైదానంలో ఉదయం నడకకు వచ్చేవాళ్ళ మధ్య మూడు ఇటుకలు పెట్టి ఎనిమిది అంకె తిప్పింది. పెద్ద మనవడు అదే పెట్టె తీసుకుని ఒక్క పుల్లతో ప్రయత్నిస్తే రెండో ఇటుకకు గుద్దాడు. “రెండో చెయ్యి అడ్డొస్తోందిరా నీకు” అని వాణ్ణి ఏడిపించింది. ఇప్పుడు వెనక్కు నడుపుతూ అదే ఎనిమిది తిప్పడం సాధన చేస్తోంది. వెనక్కు పోయేటప్పుడు వేగం సగానికి తగ్గించమంది. ఎండ్ పాయింట్ అనే సెట్టింగులో అది కూడా చేశాను.

పలక కొలతలు, బిళ్ళ నమూనా, ఛానళ్ళ వివరం ఒక కాగితం మీద గీసి సంఘ కార్యాలయంలో ఇచ్చాను. పక్షవాతం వచ్చి ఒక చెయ్యి స్వాధీనం తప్పిన సభ్యులు, అలాంటి పిల్లలున్న కుటుంబాల వారు అడిగి నకలు తీసుకోవచ్చు. ఎడమచేతి వాటం వాళ్ళకు వైర్లు ఎలా తగిలించాలో వెనకవైపు రాశాను.