ఐస్‌లాండులో ఇంటింటికీ వెళ్ళిన చిన్న పుస్తకం

రోగాల చరిత్ర అనగానే మనకు మశూచి, కలరా, ప్లేగు గుర్తుకు వస్తాయి. ఊళ్ళను ఊడ్చిపెట్టిన మహమ్మారులవి. ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా మనిషి కాలేయంలో పెరిగే జబ్బుకు ఆ చరిత్రలో చోటు తక్కువ. అటువంటి జబ్బు నొకదానిని ఐస్‌లాండు ప్రజలు ఎలా వదిలించుకున్నారో మిత్రులతో పంచుకోవాలనిపించింది.

దాని పేరు హైడాటిడ్ వ్యాధి. శరీరంలో, ముఖ్యంగా కాలేయంలో, నీటితిత్తులు ఏర్పడతాయి. ఆ పేరుకు మూలమైన గ్రీకు ‘హుదోర్’, మన ‘ఉదకం’ జ్ఞాతిపదాలు. వ్యాధికి కారణం కుక్క పేగుల్లో ఉండే, కొద్ది మిల్లీమీటర్ల పొడవైన బద్దెపురుగు. దాని గుడ్లు కుక్క మలంతో గడ్డిమీద పడతాయి. ఆ గడ్డి మేసిన గొర్రె కాలేయంలో తిత్తులవుతాయి. గొర్రెను కోసినప్పుడు ఆ కార్జాన్ని కుక్కకు విసిరేస్తే చక్రం పూర్తవుతుంది. మనిషి ఈ చక్రంలోకి దారితప్పి వచ్చినవాడు. కుక్కను నిమిరిన చేయి కడుక్కోకుండా నోటికి చేరినా ప్రమాదమే.

19వ శతాబ్దపు ఐస్‌లాండులో గొర్రెలే జీవనాధారం. కుక్క లేని ఇల్లు అరుదు. తిన్న గిన్నెలను కుక్కలచేత నాకించే అలవాటు కూడా ఉండేది. రోగం విరివిగా ఉండేది, మందు లేదు. తిత్తులు తిన్న కుక్కలో పురుగులు పుడతాయని 1850ల ఆరంభంలో జర్మన్ శాస్త్రజ్ఞుడు జీబోల్డ్ నిరూపించాడు. 1863లో డెన్మార్కు నుంచి హరల్డ్ క్రాబె అనే పండితుడు ఐస్‌లాండు వెళ్ళి 100 కుక్కలను కోసి చూడగా, 28 కుక్కల్లో ఈ పురుగు కనబడింది.

ఆయన అంతటితో ఊరుకోలేదు. 1864లో ఐస్‌లాండు భాషలో అచ్చయిన ఆయన చిన్న పుస్తకాన్ని ఇంటింటికీ ఉచితంగా పంచారు. సారాంశం ఇంతే: తిత్తులున్న అవయవాలను కుక్కకు వేయకండి, కాల్చండి లేదా పాతిపెట్టండి, కుక్కను తినే గిన్నెలకు దూరంగా ఉంచండి. ఆ దేశంలో సామాన్య రైతుకూ చదువు వచ్చు. శీతకాలపు రాత్రులలో ఇంటిల్లిపాదీ ఉన్నిపని చేసుకుంటుండగా ఒకరు బిగ్గరగా చదివి వినిపించడం వారి ఆచారం. పుస్తకం చేరవలసిన చోటికే చేరింది.

కీర్తి అంతా పుస్తకానిదే అనడం న్యాయం కాదు. 1869లో కుక్కలపై నియంత్రణ, 1890లో వాటికి పురుగుమందు వేయాలన్న చట్టం వచ్చాయి. గొర్రెలను లేతవయసులోనే కోయడం వల్ల తిత్తులు ముదిరే వ్యవధి తగ్గింది. 1924లో రేక్యవిక్ నగరం కుక్కల పెంపకాన్నే నిషేధించింది. 1984లో గాని సడలించలేదు. 20వ శతాబ్దం ముగిసేలోగా ఆ దేశం వ్యాధి నుంచి బయటపడింది. ఆల్బెండజోల్ మందు వాడుకలోకి రాకముందే వారు ఈ పోరాటంలో చాలావరకు గెలిచారు.

మన తెలుగునాట ఈ జబ్బు ఇంకా ఉన్నది. ఇప్పుడు మందులున్నాయి, శస్త్రచికిత్స ఉన్నది. అయినా మాంసం కొట్టుల పక్కన పారవేసిన కార్జాల కోసం వీధికుక్కలు కాచుకొని ఉండడం మీరూ చూసే ఉంటారు. ఆ చక్రం తెగవలసింది అక్కడే. క్రాబె చెప్పిన ఆ రెండు ముక్కలూ మన జీవాల కాపరులకు ఎవరైనా వారి మాటల్లో, వారి యాసలో చెబితే బాగుండును. మీ ఊళ్ళలో ఈ తిత్తులను కాపరులు ఏ పేరుతో పిలుస్తారో తెలిసినవారు చెప్పండి. అందరికీ అర్థమయ్యే పేరుతోనే మొదలుపెట్టవచ్చు.