శివారు కొలత చేరే దారి: కృష్ణా డెల్టా కాలువలపై తక్కువ విద్యుత్ సెన్సార్ వలలలో సందేశాల నడక

1855 నాటి ఆనకట్ట 1952లో దెబ్బతినగా, దానికి బదులుగా 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ నుంచి కృష్ణా డెల్టాకు నీరు చెట్టు కొమ్మల తీరులో విడివడి పారుతుంది. విజయవాడ దగ్గర బందరు, ఏలూరు, రైవస్ కాలువలుగా చీలిన ప్రవాహం లాకులు దాటి, తూముల గుండా పిల్ల కాలువల్లోకీ, అక్కడి నుంచి పంట బోదెల్లోకీ దిగి, చివరకు సముద్రానికి దగ్గరగా ఉన్న శివారు భూములను చేరుతుంది, లేదా చేరక మధ్యలోనే ఆగిపోతుంది. ఏ బోదెలో ఎంత నీరుందో తెలియజేసే కబురు మాత్రం శివారులో పుట్టి ఎగువకు రావలసి ఉంటుంది. కాలువ గట్ల మీద తిరిగే లస్కర్లు తరాలుగా మోస్తున్న ఈ కబురును బ్యాటరీతో నడిచే చిన్న రేడియో పరికరాలకు అప్పగించాలంటే, అవి ఒకదాని సందేశాన్ని మరొకటి అందుకుని పైకి పంపే దారిని ప్రోగ్రాములోనే నిర్ణయించాలి. ఆ నిర్ణయం మంచిదా కాదా అన్నది వల మొత్తం సగటును బట్టి గాక, శివారు పరికరం పంపిన కొలత చేరిందా లేదా అన్నదాన్ని బట్టి తేల్చాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

ఇటువంటి పరికరాన్ని నోడ్ అంటారు. ఒక సెన్సార్, చిన్న ప్రాసెసర్, తక్కువ శక్తి రేడియో, బ్యాటరీ కలిస్తే నోడ్ అవుతుంది. పరిశోధనల్లో విస్తృతంగా వాడిన టెలోస్‌బీ నోడ్‌లో పని జ్ఞాపకం 10 కిలోబైట్లు మాత్రమే. దాని రేడియో వింటున్నంతసేపూ సుమారు 19 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తును వాడుతుంది. 2500 మిల్లీ ఆంపియర్ గంటల బ్యాటరీతో రేడియోను నిరంతరం తెరిచి ఉంచితే అది అయిదున్నర రోజులకే అడుగంటుతుంది. నూటికి ఒక వంతు సమయం మాత్రమే మేలుకొని ఉండేటట్లు ప్రోగ్రాము రాస్తే లెక్క ప్రకారం ఏడాదిన్నర దాకా వస్తుంది. పంపడానికే కాదు, వినడానికి కూడా దాదాపు అంతే ఖర్చవుతుంది కాబట్టి, దారి వెతకడం కోసం నోడ్‌లు తమలో తాము మాట్లాడుకునే ప్రతి మాటా బ్యాటరీ ఆయుష్షులోంచి తీసిన కోతే అవుతుంది.

ఈ రేడియోలకు 2003లో వెలువడిన ఐఈఈఈ 802.15.4 ప్రమాణం ఒక ప్యాకెట్‌కు 127 బైట్ల పరిమితి విధించింది. వాటి మీద ఇంటర్నెట్ చిరునామాలతో సందేశాలు నడిపేందుకు 2012 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 6550గా వెలువడిన ఆర్‌పీఎల్ అనే దారి ఎంపిక పద్ధతి స్థిరపడింది. ఆ పేరును ఇంగ్లీషులో చిరు అల అనే అర్థం వచ్చే మాటలా 'రిపుల్' అని పలుకుతారు. కాలువ గట్టుకు తగిన పేరే. ఇందులో సమాచారం చేరవలసిన నోడ్‌ను మూలం అంటారు. మూలం తన ఉనికిని ప్రకటిస్తే, విన్న నోడ్‌లు దాన్ని తల్లిగా ఎంచుకుని తమ ర్యాంకును, అంటే మూలం నుంచి తమ దూరాన్ని తెలిపే సంఖ్యను, లెక్కించి తామూ ప్రకటిస్తాయి. తన కంటే తక్కువ ర్యాంకు ఉన్న నోడ్‌నే తల్లిగా ఎంచుకోవాలన్న నియమం వల్ల సందేశం తిరిగిన చోటే తిరగకుండా పైకి సాగుతుంది.

డెల్టాలో మూలం ఎక్కడ ఉండాలన్నది మొదటి ప్రశ్న. విజయవాడ నుంచి మచిలీపట్నానికి రోడ్డు వెంట సుమారు 70 కిలోమీటర్లు; 200 మీటర్లకు ఒక నోడ్ చొప్పున నాటితే 350 అంచెలవుతాయి, అంటే సందేశం అన్ని చేతులు మారాలి. అది ఆచరణలో నిలిచేది కాదు. లాకు దగ్గరో తూము దగ్గరో మొబైల్ సంధానం ఉన్న మూలాన్ని పెట్టి, దాని కింద రెండు కిలోమీటర్ల పిల్ల కాలువను పది అంచెల వలగా నడపడమే సబబు.

రెండో ప్రశ్న దూరాన్ని దేనితో కొలవాలన్నది. అంచెల సంఖ్యను మాత్రమే తగ్గించే ప్రోగ్రాము దూరాన ఉన్న బలహీనమైన లంకెల వైపే మొగ్గుతుంది. 400 మీటర్ల దూరాన ఉన్న నోడ్‌కు పోనూ రానూ ప్యాకెట్లు సగం మాత్రమే చేరుతుంటే, ఒక సందేశం చేరి దాని రసీదు తిరిగి రావడానికి సగటున నాలుగు ప్రయత్నాలు కావాలి. 200 మీటర్ల లంకెలు రెండు వైపులా నూటికి 95 చొప్పున అందుతుంటే, అటువంటివి రెండు కలిపినా రెండున్నర కంటే తక్కువ ప్రయత్నాలతో పని అయిపోతుంది. ఈ ప్రయత్నాల అంచనాను ఈటీఎక్స్ అంటారు. 2003లో ఎంఐటీ పరిశోధకులు ప్రవేశపెట్టిన కొలమానమిది. డెల్టాలో ఈటీఎక్స్‌ను వదిలి అంచెల లెక్కను పట్టుకోవడం పొరపాటే, ఎందుకంటే ఇక్కడ లంకె బలం పంటతో పాటు మారుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగం 200 మీటర్ల దూరం సాఫీగా సాగాలంటే మార్గమధ్యంలో చూపు రేఖ చుట్టూ దాదాపు రెండున్నర మీటర్ల ఖాళీ ఉండాలి. మీటరు ఎత్తు కర్రపై కట్టిన నోడ్‌కు నాట్ల నాడు అడ్డుగా ఉండేది నేల, పలుచని నీరు. సార్వా వరి ఈనే నాటికి తడి ఆకుల పొర కూడా తోడవుతుంది. జూలైలో కొలిచిన లంకె బలాన్ని అక్టోబరులో నమ్మడానికి వీలు లేదు.

అయితే కొలతలు మారిన ప్రతిసారీ తల్లిని మార్చడమూ నష్టమే. అందుకే ఈటీఎక్స్‌తో ర్యాంకు లెక్కించే ఆర్‌ఎఫ్‌సీ 6719 కొత్త దారి పాతదాని కంటే కనీసం ఒకటిన్నర ప్రయత్నాలు మెరుగైతే తప్ప మారవద్దని సూచిస్తుంది. నోడ్‌లు గుంపుగా ఉన్న భవనంలో ఈ ఓర్పు ఎంత అవసరమో, ఎగువన ఒకరిద్దరు పొరుగువాళ్లు మాత్రమే ఉన్న కాలువ గట్టు మీద అంతకంటే ఎక్కువ అవసరం.

ప్రకటనలు ఎంత తరచుగా జరగాలన్నది ట్రికిల్ అనే పద్ధతి నిర్ణయిస్తుంది. 2004లో ప్రతిపాదితమైన ఈ పద్ధతిలో వల నిలకడగా ఉన్నంతకాలం ప్రకటనల మధ్య విరామం రెట్టింపవుతూ పోతుంది. ఏదైనా తేడా కనిపించగానే కనిష్ఠానికి పడిపోతుంది. అదే మాట తగినన్ని సార్లు విన్న నోడ్ తాను చెప్పకుండా ఊరుకుంటుంది. ఆర్‌పీఎల్‌లో ఆ 'తగినన్ని' ముందుగా 10గా ఉంటుంది. కాలువ మీద ఒక్కో నోడ్‌కు వినిపించే పొరుగు నోడ్‌లు రెండు నుంచి నాలుగు మాత్రమే కాబట్టి ఆ పొదుపు ఎప్పుడూ అమలు కాదు. పోనీ 1కి తగ్గిస్తే, ఎగువ నోడ్ మాట విని మధ్య నోడ్ మౌనం వహిస్తుంది, దాని మాట తప్ప మరేదీ వినపడని దిగువ నోడ్‌కు దారే తెలియకుండా పోతుంది. గుంపు కోసం రాసిన అంకెలు వరుసకు సరిపడవు.

వరద రోజున ఈ అంకెలకు అసలు పరీక్ష ఎదురవుతుంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడలోని సింగ్‌నగర్ పరిసరాలను ముంచెత్తింది. ఆ వెంటనే ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది; ముంపు ప్రాంతాల్లో కరెంటు, ఫోన్లు రెండూ దెబ్బతిన్నాయి. అటువంటి వేళ నోడ్‌లు ఒకటొకటిగా మునిగిపోతుంటే, తల్లిని కోల్పోయిన నోడ్ తన కింది నోడ్‌నే తల్లిగా పట్టుకునే ప్రమాదం ఉంది. అప్పుడు సందేశం రెండింటి మధ్య తిరుగుతూ ఇద్దరి బ్యాటరీనీ తినేస్తుంది. దారి లేనప్పుడు ర్యాంకును అనంతంగా ప్రకటించి, కింది నోడ్‌లను వేరే దారి చూసుకోమనడమే ఆర్‌పీఎల్ చూపే విరుగుడు. వరస వలలో వేరే దారి ఉండాలంటే కాలువకు రెండో గట్టు మీద కూడా నోడ్‌లు నాటాలి; ఎంత మంచి ప్రోగ్రాము రాసినా లేని లంకెను అది పుట్టించలేదు.

ఇక శివారు విషయం. ఒక్కో అంచెలో నూటికి 90 ప్యాకెట్లు చేరితే అది బాగానే ఉన్నట్లు తోస్తుంది, కానీ పది అంచెలు దాటేసరికి 35 మాత్రమే మిగులుతాయి. రసీదు రాకపోతే మరో మూడుసార్లు పంపేటట్లు రాస్తే అదే దారిలో 99.9 శాతం చేరుతాయి. అంటే తిరిగి పంపే నియమం తలకట్టున, అంటే మూలం పక్కనే, ఉన్న నోడ్‌కు స్వల్ప మేలే గాని, శివారు నోడ్‌కు ప్రాణాధారం. దీనికి బదులు చెల్లించేది మూలానికి దగ్గరి నోడ్: 15 నిమిషాలకొక కొలత చొప్పున రోజుకు 96 కొలతలు తనవైతే, కింది తొమ్మిది నోడ్‌లవి కలిపి 960 అది మోయాలి. శీర్షికలకు 40 బైట్లు పోయినా మిగిలిన 87 బైట్లలో 8 బైట్ల కొలతలు పది పడతాయి గనుక, నీటిమట్టం వంటి నెమ్మదైన కొలతలను మూటగట్టి పంపడం న్యాయం. కైకలూరు ప్రాంతపు చేపల చెరువుల్లో తెల్లవారుజామున నీటిలో కరిగిన ఆక్సిజన్ పడిపోయే హెచ్చరికకు మాత్రం ఆ మూట పనికిరాదు. ఏరియేటర్లు తిప్పవలసిన ఆ వేళలో ఒక్క గంట ఆలస్యమైనా చేపలు నీటి పైకి తేలతాయి కాబట్టి ఆ హెచ్చరిక ఒంటరిగానే, వెంటనే వెళ్లాలి.

10 కిలోబైట్ల జ్ఞాపకంలో ఎదురుచూసే ప్యాకెట్ల వరుస తొందరగా నిండుతుంది. నిండిన వరుసకు ఆఖరున వచ్చిన ప్యాకెట్‌ను పారేయడం తేలికైన కోడ్. ఆ వచ్చినది ఎనిమిది అంచెలు దాటుకుని, ఎనిమిది నోడ్‌ల బ్యాటరీని ఖర్చు చేసి వచ్చిన శివారు కొలత అయినా సరే అది పోతుంది. దానికి బదులు, వరుసలో ఉన్న తన సొంత కొలతను తీసివేసి శివారు ప్యాకెట్‌కు చోటు ఇవ్వడానికి నాలుగైదు పంక్తుల కోడ్ అదనంగా రాస్తే సరిపోతుంది. తలకట్టు నోడ్ తన కొలతను మరో 15 నిమిషాలకు ఒక్క అంచెలో మళ్లీ పంపగలదు.