వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 అనునది భారతదేశంలోని వన్యమృగాలను, పక్షులను, మొక్కలను వేట నుండి, అక్రమ వ్యాపారం నుండి కాపాడుటకు పార్లమెంటు చేసిన చట్టం. అంతరించిపోతున్న జాతుల రక్షణకు దేశంలో ఇదే ప్రధాన ఆధారం.

నేపథ్యం

మద్రాసు ప్రెసిడెన్సీలో అడవి ఏనుగుల రక్షణకు 1873లోనే ఒక చట్టం వచ్చినది. 1887, 1912లలో బ్రిటిషు ప్రభుత్వం చేసిన చట్టాలు కొన్ని జాతులకు, కొన్ని కాలాలకు మాత్రమే పరిమితమైనవి. దేశంలో చీతా అంతరించినట్లు 1952లో ప్రకటించారు. వన్యప్రాణుల రక్షణ అప్పట్లో రాష్ట్రాల జాబితాలోని అంశం. అందువలన ఆంధ్ర ప్రదేశ్ సహా 11 రాష్ట్రాల శాసనసభలు తీర్మానాలు చేసిన పిమ్మటనే, రాజ్యాంగంలోని 252వ అధికరణం క్రింద పార్లమెంటు ఈ చట్టం చేసినది. 1976లో 42వ సవరణ ద్వారా ఈ అంశం ఉమ్మడి జాబితాలోకి మారినది.

ముఖ్యాంశాలు

* షెడ్యూళ్ళు: జంతువులు, మొక్కలు వాటికి అవసరమైన రక్షణను బట్టి షెడ్యూళ్ళుగా విభజింపబడినవి. 2022కు ముందు ఆరు షెడ్యూళ్ళు ఉండేవి. 2022 సవరణతో అవి నాలుగైనవి. మొదటి షెడ్యూలులోని పులి, ఏనుగు, బట్టమేక పక్షి, కలివికోడి మొదలగు వాటికి అత్యధిక రక్షణ ఉన్నది.
* వేట: మొదట కొన్ని జంతువుల వేటకు లైసెన్సులు ఇచ్చేవారు. 1991 సవరణతో ఆ పద్ధతి రద్దయినది. మనుషుల ప్రాణాలకు ముప్పు వంటి సందర్భాలలో మాత్రమే ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి ఇవ్వవచ్చును.
* శిక్షలు: మొదటి షెడ్యూలు జంతువులను వేటాడిన వారికి 3 నుండి 7 సంవత్సరాల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా విధిస్తారు.
* సంస్థలు: 2006 సవరణ ద్వారా జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ, వన్యప్రాణి నేరాల నియంత్రణ సంస్థ ఏర్పడినవి.

ఆంధ్ర ప్రదేశ్‌లో అమలు

1900 తరువాత కనిపించక, అంతరించినదని భావించిన కలివికోడి 1986 జనవరిలో కడప జిల్లాలో తిరిగి కనుగొనబడినది. దాని ఆవాసమైన పొదల అడవిని కాపాడుటకు శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పాటైనది. తరువాత తెలుగు గంగ కాలువ వలన ఈ ఆవాసానికి ముప్పు ఏర్పడగా, కాలువ మార్గాన్ని మార్చవలసి వచ్చినది.

బట్టమేక పక్షి కొరకు 1988లో అప్పటి కర్నూలు జిల్లాలో రోళ్ళపాడు అభయారణ్యం ఏర్పడినది. రక్షణ వలన అక్కడ కృష్ణజింకలు పెరిగి పంటలకు నష్టం కలిగించడంతో రైతులలో వ్యతిరేకత వచ్చినది. బట్టమేక పక్షి మాత్రం క్రమంగా తగ్గిపోయినది.

పరిమితులు

బట్టమేక పక్షి అభయారణ్యం హద్దులు దాటి పొలాలలోను, బీళ్ళలోను తిరుగుతుంది. ఆ భూములు సాగులోకి మారినా, విద్యుత్ తీగలకు తగిలి పక్షులు చనిపోయినా వేట నిషేధం ఒక్కటే వాటిని కాపాడలేదు. ఈ తీగల విషయమై రాజస్థాన్, గుజరాత్‌లకు సంబంధించి సుప్రీం కోర్టు 2021లో ఆదేశాలిచ్చి, 2024లో వాటిని సవరించినది. అందువలన జాతుల మనుగడకు చట్టంతో పాటు ఆవాసాల పరిరక్షణ, పంట నష్టానికి సకాలంలో పరిహారం, స్థానికుల సహకారం కూడా అవసరం.