మాస్కు, బడి, తల్లిదండ్రుల సంతకం: భిలాయ్ నుంచి ఒక చరిత్ర పాఠం

మహమ్మారి కాలంలో బడిపిల్లల మాస్కు గురించి వ్యాసం రాయమంటే మనలో చాలామంది 2020 మార్చి దగ్గర మొదలుపెట్టి, లాక్‌డౌన్, ఆన్‌లైన్ తరగతులు, టీకాలు అంటూ ముగించేస్తాం. అసలు ప్రశ్న అంతకన్నా పాతది. అంటువ్యాధి వచ్చినప్పుడు పిల్లవాడి ఒంటి మీద ఎవరి మాట చెల్లాలి? ప్రభుత్వానిదా, బడి యాజమాన్యానిదా, కన్నవారిదా? ఈ ప్రశ్నను ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉదాహరణగా చూద్దాం.

నేపథ్యం

1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో భిలాయ్ ఉక్కు కర్మాగారానికి పునాది పడింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. పని వెతుక్కుంటూ దేశం నలుమూలల నుంచి జనం వచ్చారు. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలు అక్కడే తరాలుగా స్థిరపడ్డాయి. టౌన్‌షిప్‌లో క్వార్టరు, సెక్టర్ 9 ఆసుపత్రి, బడి అన్నీ కర్మాగారంతో ముడిపడినవే. వీటికి తోడు కాథలిక్, ఆర్థడాక్స్ చర్చిల ఆధ్వర్యంలోని మిషన్ పాఠశాలలు ఉన్నాయి. అన్ని మతాల పిల్లలూ వాటిలో చదువుతారు. కాబట్టి ఇక్కడ బడి నిబంధన అంటే ఒక మతస్థుల సొంత వ్యవహారం కాదు, ఊరందరిదీ.

1897: బలవంతం నేర్పిన పాఠం

2020లో మన రాష్ట్రాలు ఆధారపడిన అంటువ్యాధుల చట్టం 1897 నాటిది. 1896లో బొంబాయిలో ప్లేగు మొదలైంది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఈ చట్టం వచ్చింది. పూణేలో ప్లేగు కమిషనర్ రాండ్ సైనికులతో ఇళ్లు సోదా చేయించాడు. వంటింట్లోకీ పూజగదిలోకీ చొరబడ్డారని జనం రగిలిపోయారు. 1897 జూన్ 22న చాపేకర్ సోదరులు రాండ్‌పై కాల్పులు జరిపారు. ఉద్దేశం ఆరోగ్యమే అయినా, ఇంటివారిని అడగకుండా ఇంట్లోకి వస్తే ఏమవుతుందో ఆ ఘటన చూపింది.

1918 ఇన్‌ఫ్లుయెంజాలో దేశంలో కోటికి పైగా ప్రాణాలు పోయాయి. దుర్గ్ జిల్లా అప్పటి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండేది. ఎక్కువగా దెబ్బతిన్న ప్రాంతాల్లో అదొకటి. అదే కాలంలో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో మాస్కు తప్పనిసరి చేస్తే, 1919 జనవరిలో దానికి వ్యతిరేకంగా ‘యాంటీ మాస్క్ లీగ్’ పుట్టింది. అంటే మాస్కు మీద తగువు కోవిడ్‌తో మొదలైంది కాదు.

2020–22: ఆదేశం నుంచి సమ్మతికి

2020 ఏప్రిల్ 15న కేంద్ర హోంశాఖ మార్గదర్శకాలు బహిరంగ ప్రదేశాల్లో ముఖానికి తొడుగు తప్పనిసరి చేశాయి. దీనికి విపత్తు నిర్వహణ చట్టం, 2005 ఆధారం. బడుల విషయంలో మాత్రం దారి వేరు. 2020 అక్టోబరులో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన నియమావళి ప్రకారం తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే పిల్లవాడు బడికి రావాలి. హాజరు కోసం ఒత్తిడి చేయకూడదు. వచ్చాక మాస్కు ఉండాలి.

ఛత్తీస్‌గఢ్‌లో 2021 ఫిబ్రవరి 15న 9 నుంచి 12 తరగతులు తెరిచారు. అంతలోనే రెండో దశ విరుచుకుపడింది. ఏప్రిల్‌లో దుర్గ్ జిల్లా లాక్‌డౌన్‌లోకి వెళ్లింది. భిలాయ్ కర్మాగారం ఇతర రాష్ట్రాలకు కూడా ప్రాణవాయువు పంపింది. ఆ తర్వాత ఆగస్టు 2న బడులు మళ్లీ తెరిచారు. ఏడు రోజులు పాజిటివిటీ 1 శాతం లోపు ఉండాలన్నది ఒక షరతు, 50 శాతం హాజరు మరొకటి. చిన్న తరగతులకు తల్లిదండ్రుల కమిటీ, స్థానిక ప్రజాప్రతినిధుల సిఫారసు కూడా కావాలన్నారు.

తల్లిదండ్రుల ముందున్న చిక్కు

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. చిన్నపిల్లలు వైరస్‌ను మెరుగ్గా తట్టుకుంటారు కాబట్టి ప్రాథమిక తరగతులు ముందు తెరవడం మేలని 2021 జులైలో ఐసీఎంఆర్ డైరెక్టర్ జనరల్ బలరామ్ భార్గవ అన్నారు. మరోవైపు కేంద్ర ఆరోగ్య శాఖ జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాలు 5 ఏళ్లలోపు వారికి మాస్కు వద్దన్నాయి. 6–11 ఏళ్ల వారు పెద్దల పర్యవేక్షణలో పెట్టుకోవచ్చన్నాయి. 12 దాటితే పెద్దలకున్న నియమమే. అంటే ముందు తెరవడం మేలన్న తరగతులే మాస్కు నియమం సడలింపుగా ఉన్న తరగతులు. టీకా ఇంకా లేదు. 15–18 ఏళ్ల వారికి అది 2022 జనవరి 3న, 12–14 వారికి మార్చి 16న మొదలైంది.

కాబట్టి ఇరువైపులా వాదనకు బలం ఉంది. ఏడేళ్ల పిల్ల పూటంతా మాస్కుతో కూర్చోగలదా, టీచరు నోటి కదలిక కనబడకుండా అక్షరం పలకడం ఎలా నేర్చుకుంటుంది అన్నది ఒక మాట. ఇంట్లో ముసలి అమ్మమ్మ ఉంది, పక్క పిల్లవాడికి మాస్కు లేకపోతే నా పిల్ల ద్వారా జబ్బు ఇంటికొస్తుంది అన్నది ఇంకో మాట. రెండోది తోసిపుచ్చలేనిది, ఎందుకంటే మాస్కు పెట్టుకున్నవారి కన్నా ఎదుటివారికి ఎక్కువ రక్షణ.

మిషన్ బడి, రాజ్యాంగం

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం లాన్సింగ్‌లో ఒక కాథలిక్ పాఠశాల, కొందరు తల్లిదండ్రులు 2020లో కోర్టుకెళ్లారు. దేవుని ప్రతిరూపమైన ముఖాన్ని కప్పమనడం తమ విశ్వాసానికి విరుద్ధమన్నది వారి వాదన. మన దగ్గర ఆ వాదన నిలవడం కష్టం. అధికరణ 25 ఇచ్చిన మతస్వేచ్ఛ ప్రజా శాంతి, నైతికత, ఆరోగ్యాలకు లోబడే ఉంటుంది. అధికరణ 30(1) మైనారిటీలకు విద్యాసంస్థలు నడిపే హక్కిచ్చినా, అది దుర్నిర్వహణకు హక్కు కాదని 1958లో కేరళ విద్యా బిల్లు వ్యవహారంలో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని మనస్సాక్షికి విలువ లేదని కాదు. బిజో ఇమ్మాన్యుయేల్ కేసు (1986)లో జాతీయగీతం పాడని ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసేయడం తప్పని అదే కోర్టు తేల్చింది. కాకపోతే అక్కడ పక్క పిల్లవాడికి హాని లేదు, ఇక్కడ ఉంది.

మన తల్లిదండ్రుల కోర్టు పోరాటం ఎక్కువగా ఫీజుల మీద సాగింది. 2021 మే 3న రాజస్థాన్ కేసులో సుప్రీంకోర్టు వార్షిక ఫీజులో 15 శాతం తగ్గించమంది.

సంతకం ఎవరికి రక్షణ?

1897తో పోలిస్తే సమ్మతి పత్రం పెద్ద ముందడుగే. రాజ్యం గడప దగ్గర ఆగి అడిగింది. కానీ దానిలో ఒక లోపం ఉంది. ఇంట్లో స్మార్ట్‌ఫోన్, నెట్ ఉన్న తండ్రికి ‘పంపను’ అనే దారి ఉంది. ఒక్క ఫోనూ ఇంటాయన షిఫ్టుకు తీసుకెళ్లే కాంట్రాక్టు కార్మికుడి కుటుంబానికి పిల్లను బడికి పంపడం లేదా చదువు వదిలేయడం, ఈ రెండే మిగిలాయి. ‘పఢయీ తుంహర్ దుఆర్’ పేరుతో రాష్ట్ర ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ బోధన మొదలుపెట్టి, తర్వాత బస్తీల్లో వాడకట్టు తరగతులు, లౌడ్‌స్పీకర్ పాఠాలు చేర్చడానికి కారణం ఈ లోటే. వేరే దారి లేనివాడి చేత పెట్టించుకున్న సంతకం సమ్మతి కాదు, బాధ్యతను అతని మీదికి నెట్టడం.

ముగింపు

బలవంతంతో నడిచిన ఆరోగ్య విధానం పూణేలో నమ్మకాన్ని పోగొట్టుకుంది. కేవలం సంతకంతో నడిచినది పేదవాడిని ఒంటరిని చేసింది. వయసును బట్టి స్పష్టమైన నియమం, దాని వెనుక కారణం తల్లి భాషలో చెప్పడం, ఉచిత మాస్కు, బడికి రాలేని పిల్లకు నిజంగా అందే పాఠం ఉండాలి. ఈ నాలుగూ ఉన్నప్పుడే తల్లిదండ్రులను సంతకం అడగడం న్యాయం.

సాధన ప్రశ్న: ‘ప్రజారోగ్య చట్టాల విజయం శిక్షపై కన్నా నమ్మకంపై ఆధారపడుతుంది.’ 1897, 2020 అనుభవాల ఆధారంగా చర్చించండి. (250 పదాలు)