పడవ తలదాచుకునే చోటు

“మత్స్యకారులు సముద్రంలో వేటకు వెళ్లరాదు.” బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టినప్పుడల్లా మనం వినే మాట ఇది. ఆ మాటతో పల్లెలో వేట ఆగుతుంది. అప్పుడు మొదలయ్యే పని గురించి మాత్రం వార్తల్లో రాదు. ఒడ్డున ఉన్న పడవను ఎక్కడికి చేర్చాలి? దేనికి కట్టాలి? కట్టే మోకు ఎంత పొడవుండాలి? తాటాకిల్లు ఎగిరిపోతే మళ్లీ కప్పుకోవచ్చు. పడవ పోతే పల్లెకారుడికి కాళ్లూ చేతులూ పోయినట్టే, దాని మీద తెచ్చిన అప్పు ఒక్కటే మిగులుతుంది. మన తీరంలో తుఫానుల చరిత్ర చాలామంది రాశారు. చచ్చిపోయిన మనుషుల లెక్కలతో, కూలిపోయిన ఊళ్ల పేర్లతో రాశారు. అదే చరిత్రను పడవ పక్కన నిలబడి చూస్తే ఇంకో కథ కనబడుతుంది. ఈ తీరంలో పడవలు బతికినా పోయినా దాపును, అంటే తలదాచుకునే చోటును బట్టే. హెచ్చరిక ఏనాటికానాడు మెరుగైంది. దాపు మాత్రం దొరకడం కష్టమవుతూ వచ్చింది.

అన్నిటికంటే పాత ఉపాయం తెప్పది. తేలికపాటి దుంగలను పక్కపక్కన తీర్చి తాళ్లతో బిగిస్తే తెప్ప. దానికి మేకు లేదు, అడుగు పలక లేదు. కెరటం మీదికొస్తే నీళ్లు దుంగల సందుల్లోంచి జారిపోతాయి. వేట నుంచి రాగానే కట్లు విప్పి దుంగలను ఆరబెట్టడం మామూలుగా చేసే పనే. గాలివాన ముంచుకొస్తున్నదంటే అదే పనిని ఇంకొంచెం దూరం తీసుకెళ్లాలి. విప్పిన దుంగలను భుజాన వేసుకుని ఇసుక దిబ్బ దాటించి ఇళ్ల దగ్గర పడేసుకోవాలి. విప్పేసిన పడవను ఏ గాలి ముంచగలదు? ఇంత సులువైన రక్షణ ఆ తర్వాత వచ్చిన ఏ పడవకూ దక్కలేదు.

పెద్దవల వేయడానికి, ఓడల సరుకు దింపడానికి వాడిన మసూలా పడవ సంగతి వేరు. దాని పలకలను మేకులతో బిగించకుండా కొబ్బరి తాడుతో కుట్టేవారు. ఒడ్డున విరిగే కెరటం తగిలినప్పుడు ఆ కుట్టు కాస్త సాగి మళ్లీ సర్దుకునేది. మేకులు దిగ్గొట్టిన ఐరోపా పడవలు అదే కెరటానికి విచ్చుకుపోయేవి. అయితే మసూలా పడవ బరువైనది. దాన్ని పోటు అందని ఎత్తుకు లాగాలంటే ఆడామగా అందరూ కలిసి తాడు పట్టాలి. అంటే ఆ కాలంలో పడవకు ఊరి బలమే కాపలా.

సముద్రం మీద నిలిచే పెద్ద ఓడలకు ఆ భాగ్యం లేదు. కోరమాండల్ తీరం నిండా రేవులే. రేవు అంటే ఓడ లంగరు వేసి నిలబడే చోటు, అంతే. గాలికి అడ్డుపడే గోడ గానీ కొండ గానీ ఉండదు. అందుకని అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు మధ్య దాకా ఈ తీరాన్ని వదిలి వెళ్లిపోవడం ఓడలకు ఆనవాయితీ. వెళ్లని ఓడ గాలి లేవగానే లంగరు తాడు తెంపుకుని నడిసముద్రంలోకి పారిపోవాలి. ఒడ్డు చుట్టం లాంటిదని నేల మీదున్న మనం అనుకుంటాం. గాలివానలో ఓడకు అసలు శత్రువు ఒడ్డే. 1746 సెప్టెంబరులో మద్రాసును పట్టుకున్న ఫ్రెంచి నౌకాధిపతి లా బూర్దొనే ఆ ఆనవాయితీని దాటి అక్టోబరు మధ్య దాకా అక్కడే ఉన్నాడు. ఒక్క తుఫానులో తన నౌకల్లో చాలావాటిని, వెయ్యిమందికి పైగా మనుషులను పోగొట్టుకున్నాడు. తర్వాత వందేళ్లు దాటాక మద్రాసుకు రాతి గోడలతో హార్బరు కట్టబోతే, 1881 నవంబరు తుఫాను ఆ కొత్త గోడలనే కూల్చేసింది.

మన తీరంలో నిజమైన దాపు అని పేరు తెచ్చుకున్న చోటు కోరంగి. గోదావరి పాయ సముద్రంలో కలిసే దగ్గర, మడ అడవుల వెనక, అలల ఊపు తగలని లోతట్టు నీళ్లలో ఉన్న ఊరు. కలకత్తాకూ శ్రీలంకలోని తిరుకోణమలైకీ నడుమ పెద్ద ఓడను మరమ్మతుకు ఎక్కించగల చోటు ఇదేనని పేరుండేది. ఓడలు కట్టే పని ఆ చుట్టుపక్కల ఎంతగా పాతుకుపోయిందంటే, పక్కనున్న తాళ్లరేవులో చెక్క ఓడలు కట్టే వడ్రంగం మన కాలం దాకా నిలిచింది. బర్మాలో తెలుగువాళ్లందరినీ ‘కోరంగీలు’ అని పిలిచేవారంటే, ఈ రేవు నుంచి ఎన్ని ఓడలు తూర్పుకు సాగి ఉండాలి!

ఆ కోరంగి మీదికి 1789 డిసెంబరులో ఉప్పెన వచ్చింది. మూడు కెరటాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయని ఆనాటి కథనాలు చెబుతాయి. ఏటి మొగలో లంగరు వేసుకున్న ఓడలు కొట్టుకొచ్చి యానాం చుట్టూ ఉన్న పొలాల్లో కూర్చున్నాయి. సుమారు 20,000 మంది పోయారంటారు. బంగాళాఖాతం ఈ వైపున లోతు తక్కువ. గాలి నెట్టుకొచ్చిన నీరు కిందికి దిగే చోటు లేక పైకి లేస్తుంది. ఏటి మొగ దొరికితే అందులోంచి లోపలికి తోసుకొస్తుంది. మామూలు రోజుల్లో పడవను దాచిన ఏరే ఆ రోజున సముద్రానికి దారి చూపింది. 1839 నవంబరులో మళ్లీ అదే జరిగింది, కోరంగి ఇక కోలుకోలేదు. ఆ ఉప్పెనలో 20,000 పడవలు, 3 లక్షల మంది పోయారని ఒక లెక్క పుస్తకం నుంచి పుస్తకానికి ఎక్కుతూ వస్తోంది. ఆ చిన్న రేవులో 20,000 పడవలు పట్టేవని నేను నమ్మలేను. అంకె ఎంత పెద్దదైతే దుఃఖం అంత పెద్దదవుతుందా? ఉన్నవన్నీ పోయాయన్న ఒక్క మాట చాలు.

కలకత్తాలో ఉండి ఈ గాలివానల వివరాలన్నీ పోగుచేసిన హెన్రీ పిడింగ్టన్, 1848లో నావికుల కోసం రాసిన పుస్తకంలో వాటికి ‘సైక్లోన్’ అని పేరు పెట్టాడు. పాము చుట్ట అనే అర్థం వచ్చే గ్రీకు మాట నుంచి దాన్ని తీశాడు. గాలి ఎటు నుంచి వీస్తోందో చూసి సుడి నడిబొడ్డు ఎక్కడుందో కనిపెట్టవచ్చని, దాన్ని బట్టి ఓడను ఎటు తిప్పాలో తేల్చుకోవచ్చని నావికులకు నేర్పడం ఆయన ఉద్దేశం. ప్రపంచమంతా వాడుతున్న ఈ మాట పుట్టుకలో మన కోరంగి ఓడల పాలు కూడా ఉంది. నడిసముద్రంలో ఉన్న కెప్టెనుకు ఆ పాఠం పనికొచ్చింది. ఒడ్డున తెప్ప ఉన్నవాడికి దానితో ఒరిగిందేమీ లేదు. 1864 నవంబరు 1 రాత్రి మచిలీపట్నం మీద పడిన ఉప్పెన సుమారు 30,000 మందిని తీసుకుపోయింది. డచ్చివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ పోటీపడి సరుకు కొన్న ఆ రేవు వెలుగు కూడా ఆ తర్వాత మళ్లీ రాలేదు.

అక్కణ్నుంచే హెచ్చరికల కథ మొదలైంది. 1864లోనే కలకత్తాను కూడా తుఫాను కొట్టింది. మరుసటి ఏడాది అక్కడి రేవులో హెచ్చరిక పద్ధతి వచ్చింది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. రేవుల్లో స్తంభాలు లేచాయి. పగలు శంకువులు, పీపాలు, రాత్రి దీపాలు. ఒకటో నంబరు నుంచి పదకొండో నంబరు దాకా మనం ఇప్పటికీ వింటున్న ‘ప్రమాద హెచ్చరిక’ అదే. పదకొండో నంబరుకు అర్థం చూడండి: హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక మీ సంగతి మీరే చూసుకోండి అని.

దాపు విషయంలో బ్రిటిషు కాలం చేసిన పెద్ద పని విశాఖపట్నంలో కనిపిస్తుంది. కొండ సముద్రంలోకి చొచ్చుకొచ్చి దక్షిణపు గాలిని ఆపే చోటు, దాని వెనక పర్ర నేల. ఆ పర్రను తవ్వి 1933లో హార్బరు తెరిచారు. మొగలోకి ఇసుక కొట్టుకు రాకుండా అడ్డుకోవడానికి ‘జేనస్’, ‘వెలెడ్సన్’ అనే రెండు పాత ఓడలను కావాలని ముంచేసి వాటినే గోడగా నిలిపారు. మిగతా ఓడల కోసం రెండు ఓడలు అక్కడ నీటి అడుగున కూర్చున్నాయన్న సంగతి చదివినప్పటి నుంచి ఆ మొగ వైపు చూసినప్పుడల్లా నాకు గుర్తొస్తుంది. కాకినాడకు ఆ ఖర్చు తప్పింది. గోదావరి తెచ్చిన ఇసుకే సుమారు 16 కిలోమీటర్ల పొడవున హోప్ ఐలాండ్‌గా పేరుకుని అఖాతానికి అడ్డుగోడ అయింది. కోరంగిని పూడ్చిన గోదావరే కాకినాడకు దాపు కట్టిపెట్టింది.

స్వతంత్రం వచ్చాక పడవ మారింది. ఇంజను వచ్చింది, మరపడవ వచ్చింది, విశాఖలో రోజుల తరబడి సముద్రంలో ఉండే సోనా బోట్లు వచ్చాయి. దుంగల తెప్ప పోయి ఫైబర్ తెప్ప వచ్చింది. పేరు తెప్పే, కానీ దాన్ని విప్పడం కుదరదు. మరపడవను ఒడ్డుకు లాగడం పల్లె మొత్తం కలిసినా అయ్యే పని కాదు. నీళ్ల మీదే దాచాలి. అంటే హార్బరో ఉప్పుటేరో ఉండి తీరాలి. పడవ ఖరీదు పెరిగింది, పట్టు పెరిగింది, దాన్ని కాపాడుకునే బలం మాత్రం ఊరి చేతుల్లోంచి జారిపోయింది.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. దాన్ని గురించి పడవల మాట ఎత్తడానికే నోరు రాదు. 5 మీటర్లకు పైగా లేచిన నీళ్ల ముందు పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి పల్లెల్లో మనుషులే మిగలలేదు. ప్రభుత్వ లెక్కే 10,000 దరిదాపుల్లో ఉంది. ఆ తర్వాతే తీరం పొడవునా తుఫాను భవనాలు లేచాయి. 1990 మే తుఫాను నాటికి లక్షన్నర మందిని ముందే తరలించగలిగారు. మనుషులను కాపాడటంలో మనం నేర్చుకున్నది తక్కువేమీ కాదు, అది గర్వపడదగ్గ సంగతే. కానీ తుఫాను భవనం మెట్లు పడవ ఎక్కలేదు.

1996 నవంబరు 6న వచ్చిన కోనసీమ తుఫాను ఇంకో పాఠం చెప్పింది. అది చిన్న చుట్టుకొలత గల తుఫాను, కానీ గాలి భయంకరం. కాకినాడకు దక్షిణంగా తీరం దాటేనాటికి చాలా పడవలు ఇంకా సముద్రంలోనే ఉన్నాయి. భైరవపాలెం లాంటి పల్లెల్లో తిరిగిరాని వాళ్ల కోసం ఆడవాళ్లు రోజుల తరబడి ఒడ్డునే కూర్చున్నారు. పడవ లేదు, శవం లేదు. చనిపోయినట్టు కాగితం పుట్టడానికి కూడా ఆధారం లేదు.

తుఫానుకు ముందు రోజు పడవ కట్టడం ఎంత నేర్పుతో కూడిన పనో చెప్పాలి. నీళ్లు ఎంత లేస్తాయో తెలియదు. మోకు పొట్టిగా కడితే ఉప్పెన లేచినప్పుడు పడవను కిందికి పట్టి ముంచుతుంది, లేదా తెగుతుంది. పొడుగ్గా వదిలితే పడవ ఊగి పక్క పడవను గుద్దుతుంది. అందుకని ముందూ వెనకా రెండేసి లంగర్లు వేసి, తాళ్లను వేర్వేరు దిక్కులకు లాగుతారు. అంచుకు రాసుకునే చోట మోకుకు గోనెపట్టా చుట్టాలి, లేకపోతే రాత్రంతా రాపిడికి నార నారగా తెగుతుంది. పడవకూ పడవకూ మధ్య పాత టైర్లు వేలాడదీయాలి. గాలి వెనక్కి తిరుగుతుందని మరిచిపోకూడదు. సుడి దాటగానే ఇందాకటి దాపు వైపు నుంచే దెబ్బ తగులుతుంది. సరుగుడు చెట్టును నమ్మడం కష్టం, ఇసుకలో దాని వేరు పట్టు తక్కువ. మడ చెట్ల మధ్య అయితే ఒక్కో తాడు ఒక్కో చెట్టుకు పంచి కట్టవచ్చు. ఒడ్డున ఉన్న ఫైబర్ పడవలకు ఇంజను విప్పి ఇంటికి మోసుకెళ్తారు, వలలు మోసుకెళ్తారు, తేలికపాటి పడవను గాలి ఎత్తేయకుండా కడుపులో ఇసుకో నీళ్లో నింపుతారు. ఈ విద్య ఏ బడిలోనూ లేదు. తండ్రి కడుతుంటే కొడుకు చూసి నేర్చుకున్నదే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నేరుగా విశాఖ మీదికి వచ్చింది. హెచ్చరిక చాలా ముందే వచ్చింది, తరలింపు బాగా జరిగింది. బోట్లు ఫిషింగ్ హార్బరులోకి చేరాయి. తీరా గాలి మొదలయ్యాక హార్బరులోనే ఒకదానికొకటి ఢీకొని మునిగాయి. దాపు ఉంది, కానీ చోటు చాలదు. ఆ ఇరుకు ఎంత ప్రమాదమో 2023 నవంబరు 19 రాత్రి ఇంకో రూపంలో తెలిసింది. అదే హార్బరులో మంటలు లేచి, పక్కపక్కన కట్టి ఉన్న సుమారు 40 బోట్లు కాలిపోయాయి. మంటకైనా గాలికైనా అక్కడ దోషం ఒకటే, పడవకూ పడవకూ మధ్య జానెడు నీళ్లు లేకపోవడం.

ఉత్తరాన శ్రీకాకుళం తీరానికి ఆ ఇరుకు దాపు కూడా లేదు. అంత పొడుగు తీరం ఉన్న జిల్లా నుంచి మగవాళ్లు గుజరాత్‌లోని వేరావల్ దాకా పోయి పరాయి బోట్ల మీద కూలికి వేటాడటానికి ఇదొక పెద్ద కారణం. 2018లో అలా వెళ్లినవాళ్లే పాకిస్తాన్‌కు చిక్కి జైల్లో ఏడాదికి పైగా మగ్గారు. కాకినాడ దగ్గర ఉప్పాడలో ఇంకో కష్టం. పడవలు లాగిపెట్టుకునే ఒడ్డునే సముద్రం ఏటేటా కోసుకుపోతోంది. 2020 నుంచి ఉప్పాడ, జువ్వలదిన్నె, నిజాంపట్నం, మచిలీపట్నంలలో కొత్త హార్బర్లకు పునాదులు పడ్డాయి. వాటిని వేట దిగుబడి లెక్కతో కొలుస్తున్నారు. తుఫాను ముందు రోజు ఎన్ని పడవలు అక్కడ విడివిడిగా నిలబడగలవన్న లెక్క కూడా వేయాలని నా పట్టుదల.

హార్బరు లేని పల్లెల్లో తుఫాను వార్త రాగానే పడవలన్నీ ఉప్పుటేటి మొగ దగ్గర బారు తీరుతాయి. మొగలో ఇసుక మేటవేసి ఉంటుంది, పోటు వస్తే గానీ లోపలికి దూరవు. అందరికంటే ముందు వెళ్లినవాడికి మడ చెట్లు దొరుకుతాయి, చివరివాడికి సరుగుడు మొద్దు. చీకటి పడే వేళకు ఆడవాళ్లనూ పిల్లలనూ తుఫాను భవనానికి చేర్చి, పేర్లు రాయించి, కొందరు మగవాళ్లు చడీచప్పుడు లేకుండా వెనక్కి వస్తారు. నీళ్లు లేస్తున్నకొద్దీ మోకు వదలాలి, తీస్తున్నకొద్దీ బిగించాలి. ఎవరో ఒకరు పడవ దగ్గర ఉండాల్సిందే.