ఎర్ర చుక్క మీద గురి: రెడ్ డాట్ సైట్, మాగ్నిఫయర్ల ఎంపిక – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: రైఫిల్ మీద అమర్చే రెడ్ డాట్ సైట్‌కు నూట ఇరవై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. 1900లో డబ్లిన్‌లో దూరదర్శనుల నిర్మాత హోవర్డ్ గ్రబ్ రూపొందించిన పరావర్తక సైట్ దీనికి మూలం. దూరదర్శని వల్ల కంటికి కలిగే నిర్బంధాన్ని తప్పించడానికి పుట్టిన ఈ సాధనం వెనుకకు, వందేళ్ల తరువాత మాగ్నిఫయర్ రూపంలో మళ్లీ దూరదర్శనే వచ్చి చేరింది. ఈ పరిణామాన్ని దశలవారీగా పరిశీలించి, ప్రతి దశలోనూ ఒక లోపాన్ని వదిలించుకోవడానికి మరొక లోపాన్ని అంగీకరించవలసి వచ్చిందనీ, అందువల్ల ఎంపిక అంటే ఏ లోపాన్ని భరించాలో నిర్ణయించుకోవడమేననీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ముఖ్యపదాలు: గురి, పరావర్తక సైట్, రెడ్ డాట్, హోలోగ్రాఫిక్ సైట్, మాగ్నిఫయర్, హోవర్డ్ గ్రబ్, నిజామియా వేధశాల.

1. ప్రవేశిక

తెలుగులో ‘గురి’ అనే మాటకు రెండు ప్రధానార్థాలున్నాయి. బాణానికో తుండుకో నిర్దేశించిన లక్ష్యం ఒకటి. ‘ఆ వైద్యుడి మీద వారికి గురి’ అన్నప్పుడు స్ఫురించే నమ్మకం రెండవది. ఆయుధాలకు అమర్చే సైట్ల చరిత్రలో ఈ రెండు అర్థాలూ విడదీయరానివిగా కనిపిస్తాయి. సైట్‌లో కనిపించే చుక్క ఎక్కడ ఉందో తూటా అక్కడికే వెళుతుందన్న నమ్మకం లేనప్పుడు ఆ చుక్కకు విలువ లేదు. ఆ నమ్మకం ఏ ఆధారం మీద నిలుస్తుంది, ఎప్పుడు సడలుతుంది అన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న.

2. కన్ను, గాడి, మొన

సంప్రదాయిక సైట్‌లో రెండు లోహభాగాలుంటాయి: కంటికి దగ్గరగా ఒక గాడి లేదా రంధ్రం, గొట్టం కొసన ఒక మొన. గురి పెట్టేవారు గాడిని, మొనను, లక్ష్యాన్ని ఒకే రేఖ మీదికి తేవాలి. ఇక్కడ చిక్కు కంటిలోనే ఉంది. మానవ నేత్రం ఒక సమయంలో ఒక దూరాన్నే స్పష్టంగా చూడగలదు. మొన స్పష్టంగా ఉంటే లక్ష్యం మసకబారుతుంది. లక్ష్యం స్పష్టమైతే మొన మసకబారుతుంది. చత్వారం వచ్చిన కంటికి ఈ ఇబ్బంది మరింత ఎక్కువ.

దీనికి మొదట దొరికిన పరిష్కారం దూరదర్శని. పంతొమ్మిదవ శతాబ్దంలో, ముఖ్యంగా అమెరికా అంతర్యుద్ధ కాలంలో, దూరదర్శని అమర్చిన రైఫిళ్లు వాడుకలో ఉన్నాయి. దూరదర్శనిలో లక్ష్యమూ గురిగీతలూ ఒకే తలంలో కనిపిస్తాయి కనుక మసక సమస్య తీరింది. అయితే కన్ను దానికి నిర్ణీత దూరంలోనే ఉండాలి. చుట్టుపక్కల దృశ్యం కుంచించుకుపోతుంది. కదిలే లక్ష్యాన్ని వెదికి పట్టుకోవడం ఆలస్యమవుతుంది.

ఈ పరిణామాన్ని పాతది పోయి కొత్తది వచ్చిన సరళరేఖగా భావించడం పొరపాటు. అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య నియమాల ప్రకారం 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో నేటికీ రంధ్రపు సైట్లే వాడాలి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా స్వర్ణపతకం సాధించింది అటువంటి సైట్‌తోనే. లక్ష్యం కదలకుండా, వెలుతురు స్థిరంగా, దూరం ముందే తెలిసి ఉన్నచోట పాత సాధనం చాలు. ఈ మూడూ లేనిచోటనే కొత్త సాధనం అవసరమైంది.

3. డబ్లిన్ దూరదర్శనుల శాలలో

హోవర్డ్ గ్రబ్ (1844–1931) వృత్తిరీత్యా ఖగోళ పరికరాల నిర్మాత. తండ్రి థామస్ గ్రబ్ స్థాపించిన సంస్థను ఆయన ప్రపంచ ప్రసిద్ధం చేశారు. తెలుగు నేలకూ ఆ సంస్థకూ ప్రత్యక్ష సంబంధం ఉంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో హైదరాబాదులోని ఫిసల్‌బండలో నెలకొల్పిన వేధశాల కాలక్రమంలో నిజాం ప్రభుత్వ అధీనంలోకి వచ్చి, నిజామియా వేధశాలగా బేగంపేటకు మారింది. 1922లో అక్కడ వినియోగంలోకి వచ్చిన 15 అంగుళాల వక్రీభవన దూరదర్శని గ్రబ్ నిర్మాణమే. హైదరాబాదు ఆకాశాన్ని చూపిన కటకాలూ, నేటి సైనికుడి రైఫిల్ మీది ఎర్ర చుక్కా ఒకే పరికర సంప్రదాయం నుండి వచ్చాయి.

దూరదర్శనులు నిర్మించిన వ్యక్తే దూరదర్శని అవసరం లేని సైట్‌ను ఆలోచించడం విశేషం. తుపాకీ గొట్టం దిశలోనే ఒక సన్నని కాంతిపుంజాన్ని ప్రసరింపజేస్తే, ఆ వెలుగు పడినచోటే తూటా తగులుతుంది కదా అన్నది గ్రబ్ ఊహ. నిజంగా కాంతిని అంత దూరం పంపడం ఆచరణలో కుదరదని గుర్తించి, అదే ఫలితాన్ని మిథ్యా ప్రతిబింబంతో సాధించే మార్గాన్ని ఆయన 1900లో పేటెంటుగా నమోదు చేసి, 1901లో రాయల్ డబ్లిన్ సొసైటీ ప్రచురణలో వివరించారు.

దీని సూత్రం సరళమైనది. ఒక గుర్తును కటకం లేదా వక్రదర్పణం నాభి వద్ద ఉంచితే, దాని నుండి వెలువడే కిరణాలు సమాంతరమవుతాయి. వాటిని ఏటవాలుగా నిలిపిన గాజుపలక మీద పరావర్తనం చెందిస్తే, ఆ గాజు గుండా దృశ్యాన్ని చూస్తున్న కంటికి గుర్తు అనంత దూరంలో, లక్ష్యం మీదనే నిలిచి ఉన్నట్లు తోస్తుంది. కన్ను లక్ష్యం మీదనే దృష్టి నిలిపితే చాలు. తల కొద్దిగా కదిలినా గుర్తు చూపే దిశ మారదు. పారలాక్స్ వల్ల కొంత తేడా మిగిలినా, ఆదర్శ స్థితిలో అది కటకపు వ్యాసార్ధాన్ని మించదు. దూరదర్శని విధించిన నిర్బంధం నుండి కంటికి విముక్తి లభించింది.

4. వెలుగు సమస్య

సూత్రం 1900 నాటికే సిద్ధమైనా, రైఫిల్ మీదికి రావడానికి ముప్పాతిక శతాబ్దం పట్టింది. ప్రధాన కారణం వెలుగు. గుర్తు ఎండలోనూ కనిపించాలంటే దానికి తగిన కాంతి కావాలి. ఆనాటి దీపాలకూ బ్యాటరీలకూ రైఫిల్ మీద తావు లేదు. విద్యుత్తు అందుబాటులో ఉన్న విమానాలలో మాత్రం ఈ సైట్ త్వరగా స్థిరపడింది. 1918లో జర్మన్ యుద్ధ విమానాల మీద బెర్లిన్‌లోని ఓయిగే సంస్థ తయారుచేసిన పరావర్తక సైట్లను పరీక్షించారు. రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ స్పిట్‌ఫైర్, హరికేన్ విమానాలలో బార్ అండ్ స్ట్రౌడ్ సంస్థ సైట్లు ఉండేవి.

భుజానికి ఆనించే తుపాకుల విషయంలో రెండు మధ్యంతర ప్రయత్నాలు పేర్కొనదగినవి. 1940ల మధ్యలో వేటతుపాకుల కోసం వచ్చిన నైడార్ సైట్ పరిసరాల వెలుతురునే వాడుకుంది. అందువల్ల మసక వెలుతురులో దాని గుర్తు సరిగా కనిపించేది కాదు. సింగిల్ పాయింట్ సైట్‌ది వేరొక మార్గం. దాని ముందుభాగం మూసి ఉంటుంది. ఒక కన్ను చీకటిలో చుక్కను, రెండవ కన్ను లక్ష్యాన్ని చూస్తే, మెదడు ఆ రెంటినీ కలుపుకుంటుంది. 1970 నవంబరు 21న ఉత్తర వియత్నాంలోని సోన్ టే బందీల శిబిరం మీద జరిగిన రాత్రి దాడిలో అమెరికన్ దళాలు దీనిని వాడాయి. రెండు కళ్ల చూపు సమంగా నిలవని వారికి చుక్క పక్కకు జరిగినట్లు తోచడం దీని లోపం.

5. డయోడ్, హోలోగ్రామ్

1962లో నిక్ హోలోన్యాక్ జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో ఎర్రని వెలుగునిచ్చే డయోడ్‌ను రూపొందించడంతో వెలుగు సమస్యకు పరిష్కారం దొరికింది. చిన్న పరిమాణం, అతి తక్కువ విద్యుత్తు – ఈ రెండు గుణాల వల్ల 1975లో స్వీడన్‌కు చెందిన ఎయిమ్‌పాయింట్ సంస్థ తొలి ఎలక్ట్రానిక్ రెడ్ డాట్ సైట్‌ను విపణిలోకి తేగలిగింది. చుక్క ఎర్రగా ఉండటం మొదట సౌందర్యదృష్టితో చేసిన ఎంపిక కాదు. అందులో వాడిన డయోడ్ వెలుగే ఎరుపు. 1997లో అమెరికా సైన్యం ఈ సంస్థ సైట్‌ను ఎం68 పేరుతో స్వీకరించడంతో రెడ్ డాట్ సాధారణ సైనికుడి సాధనమైంది.

1990ల మధ్యలో మరొక మార్గం తెరుచుకుంది. డెనిస్ గేబర్ 1940ల చివరలో ప్రతిపాదించిన హోలోగ్రఫీ, 1960లో లేజర్ ఆవిష్కరణతో ఆచరణసాధ్యమైంది. దాని ఆధారంగా మిషిగన్‌లో రూపొందిన హోలోగ్రాఫిక్ సైట్‌లో గాజులో నమోదైన గుర్తును లేజర్ కాంతి పునర్నిర్మిస్తుంది. ఈయోటెక్ సైట్లలో ప్రసిద్ధమైన గుర్తు ఒక వలయం, నడుమ సన్నని చుక్క. వలయం వేగంగా కంటికి ఆనుతుంది. చుక్క కచ్చితత్వానికి పనికివస్తుంది. అయితే లేజర్‌కు విద్యుత్తు ఎక్కువ కావాలి. తయారీదారుల ప్రకటనల ప్రకారమే ఎయిమ్‌పాయింట్ కాంప్ ఎం4 ఒక బ్యాటరీతో 80,000 గంటలు పనిచేస్తే, ఈయోటెక్ 512 లిథియం బ్యాటరీలతో సుమారు 2,500 గంటలు పనిచేస్తుంది.

6. మాగ్నిఫయర్: దూరదర్శని పునరాగమనం

రెడ్ డాట్ లక్ష్యాన్ని పెద్దది చేయదు. 300 మీటర్ల దూరంలో ఉన్నది మనిషో, మోడో, చేతిలో ఉన్నది ఆయుధమో, కర్రో చుక్క చెప్పలేదు. ఎవరి మీద గురి పెడుతున్నారో తెలియకుండా గురి పెట్టడంలోని ప్రమాదం సాంకేతికమైనది మాత్రమే కాదు, నైతికమైనది కూడా. మాగ్నిఫయర్ ఈ అవసరం నుండి వచ్చింది.

మాగ్నిఫయర్ అంటే సాధారణంగా మూడింతలు పెద్దదిగా చూపే చిన్న దూరదర్శని. రెడ్ డాట్‌కు వెనుక, కంటికి ముందు, కీలు మీద తిరిగే పట్టులో దీనిని అమరుస్తారు. అవసరమైనప్పుడు కంటి ముందుకు, లేనప్పుడు పక్కకు మళ్లిస్తారు. చుక్క నుండి వచ్చే కిరణాలు సమాంతరం కావడం వల్ల మాగ్నిఫయర్ దానినీ దూరవస్తువుగానే స్వీకరిస్తుంది. దీని ఫలితంగా ఒక ముఖ్యమైన సౌలభ్యం ఏర్పడింది: మాగ్నిఫయర్ కొద్దిగా వంకరగా ఉన్నా చుక్క, లక్ష్యం కలిసే జరుగుతాయి కనుక తూటా తగిలే చోటు మారదు. గురిని నిర్ణయించేది ముందున్న సైట్ మాత్రమే.

కానీ గ్రబ్ తప్పించిన నిర్బంధాలు ఇక్కడ తిరిగి వచ్చాయి. కన్ను మళ్లీ నిర్ణీత దూరంలో ఉండాలి, దృశ్యక్షేత్రం తగ్గుతుంది, వెలుతురు కొంత మందగిస్తుంది, పట్టుతో కలిపి 300 గ్రాముల చుట్టుపక్కల బరువు చేరుతుంది. తేడా ఒక్కటే: ఈ నిర్బంధం ఇప్పుడు కీలు మీద ఉంది, వద్దనుకున్నప్పుడు తొలగుతుంది.

7. నమ్మకానికి పరీక్ష: 2015

గురికి ఉన్న రెండవ అర్థాన్ని 2015 నాటి ఒక వ్యాజ్యం ముందుకు తెచ్చింది. అతిచలి, అతివేడి పరిస్థితులలో ఈయోటెక్ హోలోగ్రాఫిక్ సైట్ల గురి జరుగుతున్నదనీ, ఆ సంగతి తెలిసి కూడా సంస్థ సైన్యానికి చెప్పలేదనీ అమెరికా ప్రభుత్వం ఆరోపించింది. నాటి మాతృసంస్థ ఎల్-3 కమ్యూనికేషన్స్ 2015 నవంబరులో 2 కోట్ల 56 లక్షల డాలర్లు చెల్లించి ఆ వ్యాజ్యాన్ని పరిష్కరించుకుంది. ఇనుప మొన వంగితే కంటికి కనిపిస్తుంది. గాజులోపలి చుక్క జరిగితే, కాల్చి చూసినప్పుడు తప్ప తెలియదు. సాధనం సూక్ష్మమయ్యేకొద్దీ లోపం అదృశ్యమవుతుంది. ప్రకటన మీద కాక పరీక్ష మీద ఆధారపడవలసిన అవసరం పెరుగుతుంది.

8. ఎంపికకు ఆధారాలు

పై చరిత్ర నుండి నాలుగు ప్రమాణాలను గ్రహించవచ్చు.

మొదటిది చుక్క పరిమాణం. దీనిని కోణంలో, అంటే డిగ్రీలో అరవయ్యవ వంతు లెక్కన కొలుస్తారు. ఆ ఒక్క ప్రమాణం 100 మీటర్ల వద్ద సుమారు 2.9 సెంటీమీటర్లను కప్పుతుంది. 4 ప్రమాణాల చుక్క అక్కడ 11.6 సెంటీమీటర్లను, 2 ప్రమాణాల చుక్క 5.8 సెంటీమీటర్లను కప్పుతాయి. పెద్ద చుక్క దగ్గరి దూరాలలో త్వరగా కనిపిస్తుంది. చిన్నది దూరానికి మేలు. మాగ్నిఫయర్ చుక్కనూ లక్ష్యాన్నీ సమంగా పెంచుతుంది కనుక కప్పే భాగం మారదు. అందువల్ల మాగ్నిఫయర్ వాడదలచినవారికి చిన్న చుక్కే తగినది.

రెండవది వాడేవారి కన్ను. ఆస్టిగ్మాటిజం ఉన్నవారికి గుండ్రని చుక్క చీలినట్లో, తోకచుక్కలానో కనిపించవచ్చు. సైట్ గుండా ఫోటో తీసినప్పుడు చుక్క గుండ్రంగా ఉంటే దోషం సైట్‌ది కాదు, కంటిదని తెలుస్తుంది.

మూడవది విద్యుత్తు. సదా సిద్ధంగా ఉంచవలసిన ఆయుధానికి డయోడ్ సైట్ దీర్ఘాయువు విలువైనది. హోలోగ్రాఫిక్ సైట్ గుర్తుకు ప్రాధాన్యమిచ్చేవారు తరచూ బ్యాటరీలు మార్చే క్రమశిక్షణను కూడా స్వీకరించాలి.

నాలుగవది దూరం. వినియోగం ఎక్కువగా 100 మీటర్ల లోపే అయితే మాగ్నిఫయర్ అదనపు బరువే. దూరాలు మారుతూ, లక్ష్యాన్ని గుర్తించడం ముఖ్యమైనచోట అది సార్థకం. రెండింటి ఎత్తులూ ఒకటిగా ఉండేలా పట్టులను ఎంచుకోవడం, చలిలోనూ ఎండలోనూ స్వయంగా కాల్చి సరిచూడటం తప్పనిసరి.

9. ముగింపు

ఖగోళ పరికరాల శాల నుండి ఆయుధాల సైట్ వెలువడటం డబ్లిన్‌కే పరిమితమైన కథ కాదు. శాస్త్రీయ పరికరాల తయారీతో మొదలైన మచిలీపట్నంలోని ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో భాగమై, రాత్రివేళ చూపునిచ్చే సైనిక సాధనాల కేంద్రంగా మారింది. ప్రయోగశాల కటకానికీ యుద్ధరంగపు కటకానికీ నడుమ దూరం ఎంత తక్కువో ఈ రెండు ఉదాహరణలూ తెలుపుతాయి.

లోహపు మొన కంటిని శ్రమపెట్టింది. దూరదర్శని కంటిని బంధించింది. పరావర్తక సైట్ వెలుగు కోసం ఎదురుచూసింది. డయోడ్ బ్యాటరీని, హోలోగ్రామ్ ఉష్ణోగ్రతను ఆశ్రయించాయి. మాగ్నిఫయర్ పాత బంధాన్ని కీలు మీద తిరిగి తెచ్చింది. నిర్దోషమైన సైట్ ఈ చరిత్రలో ఎక్కడా లేదు. తన కన్ను, తన దూరం, తన అవసరం తెలిసినవారు భరించగల లోపాన్ని ఎంచుకుంటారు. ఆ ఎంపికను పరీక్షించి చూసుకున్న తరువాతనే చుక్క మీద గురి కుదురుతుంది – రెండు అర్థాలలోనూ.