ఇరవై నిమిషాలు

అక్కడే ఆగండి. ఇంకో అడుగు వేయకండి.

దివిసీమలో భాద్రపద మాసపు రాత్రి. కాలువ నీళ్ల వంతు ఈ వేళకు వచ్చింది. మడవ తీయడానికి బయల్దేరిన కౌలు రైతు వెనకే మీరూ గట్టెక్కారు. లుంగీ మోకాళ్ల పైకి బిగించాడు, భుజాన పార, కాళ్లకు చెప్పుల్లేవు. ఈ బురదలో చెప్పులు నిలవవు. చొక్కా జేబులోని సెల్‌ఫోన్ లైటు ఆకాశంలోకి వెలుగుతోంది, పాదాల దగ్గర మాత్రం చీకటే.

గడ్డిలోంచి బుస. ప్రెషర్ కుక్కర్ ఆవిరి వదిలినట్టు, ఆగకుండా. రక్తపింజర! పడగ విప్పి ముందే చెప్పే మర్యాద నాగుపాముది. ఇది ఉన్నచోటే చుట్టలు చుట్టుకుని ఉంటుంది, కదలదు. మట్టిరంగు ఒంటి మీద గొలుసులా సాగే నల్లంచు మచ్చలు ఎండుగడ్డిలో కలిసిపోతాయి. గట్టు నిండా ఎలుక బొరియలు, వాటి కోసమే వచ్చింది. మనిషితో దానికి పనిలేదు.

మీరు ఆగారు. ఆయన ఆగలేదు.

"అమ్మా!" అన్న కేక, పార నీళ్లలో పడ్డ చప్పుడు. చీలమండ పైన రెండు గాట్లు, నెత్తురు సన్నగా కారుతోంది. పక్క చేలోంచి మేనల్లుడు పరిగెత్తుకొచ్చాడు. "మావయ్యా, నడవమాక. ఇక్కడే కూర్చో." కాలికున్న నల్లదారం తెంపేశాడు. వాపు వస్తే అది కోసుకుపోతుంది. కట్టు కట్టలేదు, గాటు పెట్టలేదు, నోటితో పీల్చలేదు. ఇవన్నీ సినిమాల్లో చేస్తారు.

ఇంటి ముందు బండి ఆగేసరికి అత్త ఎదురొచ్చింది. "మంత్రగాడి ఇల్లు దారిలోనే గదరా, ముందు మంత్రం వేయిద్దాం."

"ఆస్పత్రికెళ్లాక ఎన్ని మంత్రాలైనా వేయించత్తా. బండెక్కు."

ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. 2018 వానాకాలంలో ఈ సీమలో పాముకాట్లు ఎక్కువైతే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడిలో సర్పయాగమే చేయించారు.

రెండు బళ్లు అవనిగడ్డ వైపు పరిగెడుతున్నాయి. మీరు వెనక బండి మీద ఉన్నారు. ప్రపంచంలో అన్నిటికన్నా విషపు పాము ఏదని క్విజ్‌లో అడిగితే పిల్లలు టక్కున ఇన్‌ల్యాండ్ తైపాన్ అంటారు. ప్రయోగశాల ఎలుకల మీద కొలిస్తే అది సరైన జవాబే. కానీ ఆ పాము ఆస్ట్రేలియా నడిమధ్య, మనిషి అలికిడే అరుదైన ఎండు మైదానాల్లో, నేల పగుళ్లలో బతుకుతుంది. దాని కాటుకు చనిపోయినట్టు నమోదైన మనిషి లేడు. మన దేశంలోనేమో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో ఏడాదికి సగటున 58 వేల మంది పోయారని దేశవ్యాప్త మరణాల అధ్యయనం అంచనా వేసింది. అందులో దాదాపు సగం జూన్, సెప్టెంబర్ నెలల మధ్యవే. ర్యాంకుల పట్టికలు తయారుచేసేవాళ్లు ఎప్పుడూ రాత్రిపూట చేనికి నీళ్లు పెట్టి ఉండరు.

ఊళ్లోంచి వెళ్తుంటే అరుగుల మీద, నేల మీద చాపలేసుకుని జనం నిద్రపోతున్నారు. కట్లపాము తిరిగేది ఇలాంటి చోటే, ఇలాంటి వేళే. నల్లటి ఒళ్లు, సన్నటి తెల్ల కట్లు. కాటు చాలాసార్లు తెలియనే తెలియదు, గాట్లు కనబడవు. తెల్లవారుజామున కడుపునొప్పని లేస్తే ఇంట్లోవాళ్లు అజీర్తనుకుని వాము నీళ్లిస్తారు. ఆ తర్వాత రెప్పలు వాలతాయి, మాట ముద్దవుతుంది, చివరికి ఊపిరి అందదు. ఈ విషం నరాల కొసలనే పాడుచేస్తుంది కాబట్టి ఆలస్యమైతే విరుగుడు మందు ఆ నష్టాన్ని వెనక్కి తేలేదు. వెంటిలేటర్ మీద రోజుల తరబడి నెట్టుకురావాలి. నన్నడిగితే నాలుగింటిలో ఎక్కువ భయపడాల్సింది దీనికే. మంచమూ దోమతెరా ఉన్న ఇంట్లో మాత్రం దాని ఆట అంతగా సాగదు.

నాలుగంటే నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర. చివరిది అనంతపురం లాంటి మెట్ట ప్రాంతాల్లో రాళ్ల సందుల్లో ఉండే చిన్న పాము, కోపం మాత్రం చిన్నది కాదు. విశాఖ మన్యంలోని గిరినాగు వీటన్నిటికన్నా పెద్దది. ఒక్క కాటులో బోలెడు విషం దింపగలదు. అయినా మనిషిని చూస్తే తప్పుకుంటుంది, చంపిన సందర్భాలు అరుదు.

ఆస్పత్రి వచ్చింది. ట్యూబులైటు కింద ఆయన పాదం అప్పుడే నిగనిగలాడుతూ ఉబ్బింది. చిగుళ్లలో ఎరుపు.

"పామును చంపి తెచ్చారా?"

"లేదు డాక్టరమ్మగారూ."

"మంచి పని చేశారు."

పాము అక్కర్లేదు. నాలుగింటికీ మందు ఒకటే. ఆ మందుకు కావాల్సిన విషంలో ఎక్కువ భాగం తమిళనాడులోని ఇరుల తెగవాళ్ల సహకార సంఘం నుంచి వస్తుంది. దాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో పుట్టిన విరుగుడును తీసి సీసాల్లో నింపుతారు.

డాక్టరమ్మ రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి పొడి గాజు గొట్టంలో పోసి, స్టాండులో నిలబెట్టి గడియారం చూసింది. ఇరవై నిమిషాలు దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. అత్త పెదాలు కదులుతున్నాయి. మేనల్లుడు గోడ గడియారం కిందే నిలబడ్డాడు. మీ కళ్లు గొట్టం మీదే ఉన్నాయి.

ఇరవై అయింది. డాక్టరమ్మ గొట్టాన్ని ఒంచింది. గడ్డకట్టాల్సిన రక్తం నీళ్లలా జారింది.

"పది వయల్స్ కలుపు సిస్టర్. అడ్రినలిన్ పక్కనే పెట్టు." కొందరికి ఈ మందే పడదు, ఒళ్లంతా దద్దుర్లొచ్చి బీపీ పడిపోతుంది. అందుకే ఆ జాగ్రత్త.

"ఇదయ్యాక ఇంటికి తీసుకెళ్లొచ్చాండీ?"

"ఎక్కడికయ్యా? ఆరు గంటల తర్వాత మళ్లీ ఇదే పరీక్ష. అప్పటికీ రక్తం గడ్డకట్టకపోతే మళ్లీ మందు ఎక్కించాలి." ఆమె అత్త చేతికి కొలత గీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఇచ్చింది. "ఆయన మూత్రం పోసినప్పుడల్లా ఎంతొచ్చిందో చూసి సిస్టర్‌కి చెప్పమ్మా. తగ్గిందంటే కిడ్నీలు దెబ్బతింటున్నట్టే. డయాలసిస్‌కి విజయవాడ పంపించాలి."